తర్వాతి ప్రధాని ఎవరు? ప్రిడిక్షన్ మార్కెట్‌ను చదివి సొంత అంచనా వేసుకోవడం ఎలా

ఏ దేశంలోనైనా ప్రధాని రాజీనామా వార్త రాగానే ప్రిడిక్షన్ మార్కెట్ (జరగబోయేదాని మీద డబ్బు పెట్టి కొని అమ్మే సైట్) స్క్రీన్‌షాట్ ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. నాలుగైదు పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక శాతం, కింద ఇన్ని లక్షల డాలర్ల ట్రేడింగ్ జరిగిందని ఒక అంకె. చూసినవాళ్లలో కొందరు "అయితే ఆయనే వస్తాడన్నమాట" అని తేల్చేసుకుంటారు, ఇంకొందరు "అదంతా జూదం, ఎవరు నమ్ముతారు" అని కొట్టిపారేస్తారు. రెండూ తొందరపాటే. ఆ అంకెలో పనికొచ్చే సమాచారం చాలా ఉంటుంది, కానీ దాన్ని బయటికి తీయడానికి ఒక వరుస ఉంది. ఆ వరుస పాటించకపోతే అదే అంకె మనల్ని పక్కదారి పట్టిస్తుంది.

ఈ గైడ్ అంతా ఆ వరుస గురించే. ఎక్కువగా 2025లో జపాన్‌లో జరిగినదాన్ని తీసుకుని చెబుతాను, ఎందుకంటే సెప్టెంబర్ 7న అప్పటి ప్రధాని షిగెరు ఇషిబా తప్పుకుంటానని ప్రకటించిన రోజు నుంచి అక్టోబర్ 21న సనాయె తకాయిచి ప్రధాని అయ్యేదాకా ఆరు వారాల్లో, ఈ మార్కెట్లలో ఎదురయ్యే చిక్కులు చాలావరకు అక్కడే కనిపించాయి. అవసరమైన చోట బ్రిటన్, కెనడా, ఫ్రాన్స్, మన ఢిల్లీ కూడా వస్తాయి.

డబ్బు పెట్టకండి, ముందు ఈ మాట

భారతదేశంలో ఉన్నవాళ్లకి నేరుగా చెబుతున్నాను: ఇది చదవడానికి, నేర్చుకోవడానికి మాత్రమే. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది, దాంతో మన దగ్గర నడిచిన ఒపీనియన్ ట్రేడింగ్ (ఇలాంటి అవును-కాదు పందేల) యాప్‌లు ఆ వ్యాపారం ఆపేశాయి. అంతకుముందే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి పందేలు కట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. వీపీఎన్ పెట్టుకుని, క్రిప్టో కొనుక్కుని విదేశీ సైట్లలో ఆడటం ఎలాగో చెప్పే వీడియోలు బోలెడు ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. ఎన్నికలప్పుడు మన ఊళ్లలో పందేలు కట్టి పొలాలు, బంగారం పోగొట్టుకున్న కుటుంబాలు తెలియనివాళ్లెవరు?

అమెరికాలో ఉన్నవాళ్లకి పరిస్థితి వేరు. అక్కడ కల్షీ అనే ప్రిడిక్షన్ మార్కెట్ సంస్థ కేంద్ర నియంత్రణ సంస్థ కింద నడుస్తుంది, 2024 అక్టోబర్ మొదట్లో అప్పీల్ కోర్టు అడ్డు చెప్పకపోవడంతో ఎన్నికల కాంట్రాక్టులు కూడా మొదలుపెట్టింది. బ్రిటన్‌లో బెట్‌ఫెయిర్ అనే పందేల ఎక్స్‌చేంజ్ 2000 నుంచీ ఉంది. సింగపూర్ మాత్రం 2025 జనవరిలో పాలీమార్కెట్ అనే ఇలాంటి సైట్‌ను బ్లాక్ చేసింది. మీరున్న దేశం చట్టమేమిటో, లాభం వస్తే పన్ను ఎలా కట్టాలో చూసుకోవడం మీ బాధ్యత. ధరలు చూడటానికి మాత్రం పైసా అక్కర్లేదు, ఈ గైడ్‌కి అది చాలు. సాధన చేయాలంటే ఆట డబ్బుతో నడిచే మానిఫోల్డ్, అంచనాలు మాత్రమే నమోదు చేసే మెటాక్యులస్ ఉన్నాయి.

1. ముందు ప్రశ్న చదవండి, ధర తర్వాత

పేర్ల జాబితా కింద "రూల్స్" అని ఒక పేరా ఉంటుంది. చాలామంది చదవనిది అదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ అదే. మార్కెట్ జవాబు చెప్పేది మీ మనసులో ఉన్న ప్రశ్నకి కాదు, ఆ పేరాలో రాసి ఉన్న ప్రశ్నకి.

మన చరిత్రతోనే పరీక్షించి చూద్దాం. 1996 మే నెల, పీవీ నరసింహారావు నాయకత్వంలోని కాంగ్రెస్ ఓడిపోయింది. "తర్వాతి ప్రధాని ఎవరు?" అని అప్పుడొక మార్కెట్ ఉండి ఉంటే జవాబు దేవెగౌడ అని మనలో చాలామంది అనుకుంటాం, కానీ రూల్ ప్రకారం అది వాజ్‌పేయికే తేలుతుంది. ఆయన మే 16న ప్రమాణం చేశారు, పదమూడు రోజులు ఉన్నా పీవీ తర్వాతి ప్రధాని ఆయనే. అదే ప్రశ్నను "జూన్ 30న ప్రధానిగా ఎవరుంటారు?" అని అడిగితే జవాబు దేవెగౌడ. రాజకీయం ఒక్కటే, ఒక్క వాక్యం మారితే డబ్బు వేరేవాళ్ల జేబులోకి వెళ్తుంది.

తాత్కాలిక ప్రధాని లెక్కలోకి వస్తారా అన్నది ఇంకో చిక్కు. నెహ్రూ చనిపోయినప్పుడు 1964లో, శాస్త్రి చనిపోయినప్పుడు 1966లో గుల్జారీలాల్ నందా తాత్కాలికంగా పదవిలో ఉన్నారు. రూల్స్‌లో "తాత్కాలిక నియామకం లెక్కలోకి రాదు" అని ఉంటే ఒక జవాబు, లేకపోతే ఇంకొకటి. ఫ్రాన్స్‌లో 2025 అక్టోబర్ 6న సెబాస్టియన్ లెకోర్ను రాజీనామా చేశారు, 10న అధ్యక్షుడు మాక్రాన్ మళ్లీ ఆయన్నే నియమించారు. "తర్వాతి ప్రధాని" అంటే వేరే మనిషే కావాలా, అదే మనిషి మళ్లీ వచ్చినా సరిపోతుందా? రూల్స్ పేరాలో అది లేకపోతే ఆ మార్కెట్ ధరను నేను సంభావ్యతగా తీసుకోను, ఎందుకంటే అందులో రాజకీయంతో పాటు వివాదం ఎటు తేలుతుందన్న పందెం కూడా కలిసిపోతుంది.

కెనడాలో 2025లో జరిగింది కూడా చూడండి. జనవరి 6న ట్రూడో తప్పుకుంటానన్నారు. అప్పటి సర్వేల్లో కన్సర్వేటివ్ పార్టీ ఇరవై పాయింట్లకు పైగా ముందుంది కాబట్టి దాని నాయకుడు పియరీ పోలియెవ్ ప్రధాని కావడం ఖాయమన్న మాట అంతటా వినిపించింది. కానీ ట్రూడో తర్వాత వెంటనే ప్రధాని అయ్యేది ఎవరు? ఎన్నికల్లో గెలిచేవాడు కాదు, లిబరల్ పార్టీ కొత్త నాయకుడు. మార్చి 9న మార్క్ కార్నీ దాదాపు 86 శాతం ఓట్లతో పార్టీ నాయకుడయ్యారు, 14న ప్రధానిగా ప్రమాణం చేశారు, అప్పటికి ఆయన ఎంపీ కూడా కాదు. "తర్వాతి ప్రధాని", "ఎన్నికల తర్వాత ప్రధాని" అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. స్క్రీన్‌షాట్‌లో ఆ తేడా కనపడదు.

కాబట్టి రూల్స్ నుంచి నాలుగు విషయాలు రాసుకోండి: ఏ సంఘటనతో తేలుతుంది (పార్టీ ఎన్నికా, నియామకమా, ప్రమాణమా), ఏ తేదీలోపు, తాత్కాలిక నియామకం సంగతేమిటి, ఎవరు తేలుస్తారు. చివరిది చిన్న విషయం కాదు. కల్షీలో సంస్థే తేలుస్తుంది. పాలీమార్కెట్‌లో వివాదం వస్తే యూఎంఏ అనే క్రిప్టో టోకెన్ ఉన్నవాళ్లు ఓటు వేసి తేలుస్తారు.

2. ప్రధాని ఏ గదిలో ఎన్నికవుతారో కనుక్కోండి

ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి. "ఎవరికి ప్రజాదరణ ఉంది?" అని అడగకండి. "ఎవరెవరు ఓటేస్తారు, ఒక్కో ఓటు విలువెంత, ఎన్ని రౌండ్లు?" అని అడగండి. ప్రధాని పదవికి జనం నేరుగా ఓటేయరు కాబట్టి అసలు నిర్ణయం ఎప్పుడూ ఒక చిన్న గదిలోనే జరుగుతుంది. ఆ గది నియమాలు తెలిసినవాళ్లు మార్కెట్‌ను చదవగలరు, తెలియనివాళ్లు మార్కెట్ చెప్పింది వింటారు, అంతే.

బ్రిటన్ 2022ని మించిన పాఠం దీనికి లేదు. బోరిస్ జాన్సన్ తప్పుకున్నాక కన్సర్వేటివ్ ఎంపీలు రౌండ్ల వారీగా ఓటేసి ఇద్దర్ని మిగిల్చారు, ఆఖరి రౌండ్‌లో రిషి సునాక్‌కి 137, లిజ్ ట్రస్‌కి 113. ఎంపీల గదిలో ప్రతి రౌండ్‌లోనూ సునాక్‌దే మొదటి స్థానం. ఆ తర్వాత నిర్ణయం పార్టీ సభ్యుల చేతికి వెళ్లింది, వాళ్లు 57.4 శాతంతో ట్రస్‌ను ఎన్నుకున్నారు. ఆమె అక్టోబర్ 20న తప్పుకుంటానన్నప్పుడు పార్టీ నియమం మార్చింది, పోటీ చేయాలంటే వంద మంది ఎంపీల మద్దతు ఉండాలని. జాన్సన్ పోటీలోకి దిగకుండానే వెనక్కి తగ్గారు, పెన్నీ మోర్డాంట్ చివరి నిమిషంలో తప్పుకున్నారు, సునాక్ ఒక్కరే మిగిలారు, సభ్యుల ఓటింగే జరగలేదు. అదే పార్టీ, అదే ఏడాది, దాదాపు అవే పేర్లు. నియమం మారింది, ప్రధాని మారారు.

ఇక జపాన్. అక్కడ రెండు గదులున్నాయి. మొదటిది పాలక లిబరల్ డెమొక్రటిక్ పార్టీ (ఎల్‌డీపీ) అధ్యక్ష ఎన్నిక. 2025లో తొలి రౌండ్‌కి మొత్తం 590 ఓట్లు: ఎంపీలవి 295, దేశవ్యాప్త పార్టీ సభ్యుల ఓట్లను నిష్పత్తిలో లెక్కగట్టి ఇంకో 295. ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండో రౌండ్, అందులో ఎంపీల ఓట్లు అలాగే ఉంటాయి, సభ్యుల వాటా మాత్రం 47 ప్రిఫెక్చర్లకు (మన రాష్ట్రాల్లాంటి విభాగాలు) తలా ఒకటి చొప్పున 47కి పడిపోతుంది. అంటే ఎంపీల బలం ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఎంపీల్లో తకాయిచి ప్రత్యర్థి షింజిరో కొయిజుమికి పట్టుంది కాబట్టి రెండో రౌండ్ ఆయనదేనని ఎక్కువమంది లెక్కవేశారు. ఏడాది ముందు, 2024లో, తొలి రౌండ్‌లో 181తో ముందున్న తకాయిచి రెండో రౌండ్‌లో ఇషిబా చేతిలో 194-215తో ఓడిపోయారు కూడా.

అక్టోబర్ 4న జరిగింది వేరు. తొలి రౌండ్‌లో తకాయిచికి 183 (ఎంపీలవి 64, సభ్యులవి 119), కొయిజుమికి 164 (80, 84). రెండో రౌండ్‌లో తకాయిచి 185-156తో గెలిచారు, ఎంపీల్లో కూడా 149-145తో ఆమెదే పైచేయి. ఎంపీలు ఎందుకు తిరిగారు? మాజీ ప్రధాని తారో అసో వర్గం ఆమె వైపు నిలిచింది, దానితో పాటు సభ్యుల ఓట్లలో అంత తేడా కనిపించాక దాన్ని కాదని ఓటేయడం సొంత నియోజకవర్గంలో ఎంపీకి కష్టం. నియమాలు తెలిస్తే సరిపోదు, ఆ గదిలో కూర్చున్నవాడికి బయటి ఒత్తిడి ఎటునుంచి వస్తుందో కూడా రాసుకోవాలని నేను అనేది ఇందుకే.

రెండో గది పార్లమెంటు దిగువ సభ. దాని గురించి నాలుగో అడుగులో.

3. ధరను సంభావ్యతగా మార్చండి

పద్ధతి తేలికే. ఒక పేరు మీద "అవును" కాంట్రాక్టు 62 సెంట్లు ఉంటే, ఆ మనిషి ప్రధాని అయితే డాలర్ వస్తుంది, కాకపోతే సున్నా. అంటే మార్కెట్ సుమారు 62 శాతం అంటోంది. బెట్‌ఫెయిర్‌లో 1.60 లాంటి అంకె కనిపిస్తుంది, 1ని దానితో భాగిస్తే 62.5 శాతం.

కానీ తెరమీద పెద్దగా కనిపించే అంకెను అలాగే తీసుకోకండి. ఆర్డర్ బుక్ తెరిచి, కొనేవాళ్లు ఇస్తామంటున్న అత్యధిక ధర, అమ్మేవాళ్లు అడుగుతున్న అత్యల్ప ధర రెండూ చూడండి. 61, 63 ఉంటే మధ్యలో 62 అనుకోవచ్చు. 48, 70 ఉంటే ఆ మార్కెట్‌కి నిజంగా ఒక అభిప్రాయమే లేదు, చివరి ట్రేడ్ ఎంత దగ్గర జరిగినా సరే.

తర్వాత అన్ని పేర్ల ధరలూ కూడండి. ఉదాహరణకి 58, 31, 8, 5, 4 ఉన్నాయనుకుందాం, మొత్తం 106. ఒక్కరే ప్రధాని అవుతారు కాబట్టి నిజమైన మొత్తం 100 దాటకూడదు. ఒక్కోదాన్ని 106తో భాగించి నూటితో గుణిస్తే సుమారు 55, 29, 7.5, 5, 4 వస్తాయి. ఈ చిన్న లెక్క చేయకుండా స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లే ఎక్కువ.

కింద ఉన్న చిన్న అంకెలను ఇంకాస్త తగ్గించి చదవండి. 3 శాతం పేరు నిజానికి 1 శాతమే అయి ఉండొచ్చు, ఎందుకంటే దాన్ని సరిచేయాలంటే ఎవరో ఒకరు 97 సెంట్లు పెట్టి "కాదు" కొనాలి. మార్కెట్ తేలడానికి ఏడాది పడితే వచ్చేది దాదాపు 3 శాతం లాభం, అంతకంటే బ్యాంకు వడ్డీ నయం. అందుకే దూరపు తేదీలున్న మార్కెట్లలో తోక చివర ఉన్న పేర్లకి లేని బలం కనిపిస్తుంది. పేరున్న సినిమావాళ్లు, వ్యాపారవేత్తలు 2 శాతం దగ్గర కనిపిస్తే ఉలిక్కిపడక్కర్లేదు.

అయితే "ఇతరులు" అనే వరుసను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 1991 ఎన్నికల్లో పీవీ అసలు పోటీయే చేయలేదు, ఢిల్లీ వదిలి వెళ్లిపోవడానికి సిద్ధమయ్యారు. మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది, సరిగ్గా నెల తర్వాత, జూన్ 21న, పీవీ ప్రధానిగా ప్రమాణం చేశారు. తర్వాత నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకి వచ్చారు. 1996లో వీపీ సింగ్ వద్దన్నారు, జ్యోతిబసును ఆయన పార్టీయే ఒప్పుకోనివ్వలేదు, అప్పుడు కర్ణాటక ముఖ్యమంత్రిగా ఉన్న దేవెగౌడ పేరు ముందుకొచ్చింది. ఆయన్ను ఎంచుకున్న పార్టీల కూటమి యునైటెడ్ ఫ్రంట్‌కి కన్వీనర్ చంద్రబాబు. పార్టీల మధ్య బేరం కుదరాల్సిన చోట, అందరికీ రెండో ఇష్టంగా ఉన్న మనిషి గెలిచే అవకాశం జాబితాలో కనపడదు. అలాంటి దేశాల్లో "ఇతరులు"కి నేను ఎప్పుడూ మార్కెట్ కంటే కాస్త ఎక్కువే ఇస్తాను.

4. మార్కెట్ చూడకముందే సొంత లెక్క వేయండి

వరుసలో ఇది మూడో అడుగు కంటే ముందు రావాలని కొందరంటారు. నిజమే, ధర ఒకసారి కంటపడితే మన లెక్క దాని చుట్టూనే తిరుగుతుంది. వీలైతే రూల్స్ చదివి, పేజీ మూసేసి, ఈ లెక్క చేసి, తర్వాతే ధర చూడండి.

లెక్క ముక్కలుగా చేయాలి. మొత్తాన్ని ఒకేసారి ఊహించకండి. అక్టోబర్ 10 నాటి జపాన్ తీసుకుందాం. తకాయిచి పార్టీ అధ్యక్షురాలైపోయారు, ఇక ప్రధాని కావడం లాంఛనమే అనుకుంటున్న సమయంలో ఇరవై ఆరేళ్లుగా కలిసి ఉన్న ‘కొమెయితో’ అనే పార్టీ కూటమి నుంచి బయటికి వచ్చేసింది. దిగువ సభలో మొత్తం 465 సీట్లు, మెజారిటీకి 233. ఎల్‌డీపీకి 196, కొమెయితోకి 24. ప్రతిపక్షంలో మూడు పెద్ద పార్టీలకి 148, 35, 27, కలిపితే 210.

ఇక్కడ ఆగి చూడండి. అంతకుముందు రోజు 220 ఎదుట 210. ఇప్పుడు 196 ఎదుట 210. కొమెయితో ఉన్నా మెజారిటీ లేదు, కాబట్టి "మెజారిటీ పోయింది" అన్న మాటలో అర్థం లేదు. మారిందల్లా ఎవరు పెద్ద గుంపు అన్నదే. జపాన్ నియమం ప్రకారం తొలి రౌండ్‌లో ఎవరికీ మెజారిటీ రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండో రౌండ్ జరుగుతుంది, అందులో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే ప్రధాని, సగం దాటనక్కర్లేదు. అంటే ప్రశ్న ఒక్కదానికి కుదించుకుపోయింది: ఆ మూడు ప్రతిపక్ష పార్టీలూ ఒకే పేరు మీద కలుస్తాయా? కలిస్తే ఆ పేరు వాటిలో 27 సీట్లున్న పార్టీ నాయకుడు యుయిచిరో తమాకి కావచ్చన్నారు. కలవకపోతే 196తోనే తకాయిచి నెగ్గేస్తారు.

ఇప్పుడు అంకెలు, ఇవి లెక్క చూపించడానికి నేను వేసినవి. మూడు పార్టీలూ కలిసే అవకాశం 20 శాతం అనుకుందాం, ఎందుకంటే రక్షణ, అణు విద్యుత్ విషయాల్లో వాటిలో వాటికే పొసగదు. కలిస్తే తమాకికి 80 శాతం, తకాయిచికి 10, ఇంకెవరికైనా 10. కలవకపోతే తకాయిచికి 95, ఇతరులకి 5. గుణిస్తే తకాయిచికి 0.8 × 0.95 + 0.2 × 0.1, అంటే 78 శాతం. తమాకికి 16. ఇతరులకి 6. మొత్తం వంద.

ఈ పద్ధతిలో ఉన్న గొప్ప లాభం, మార్కెట్‌తో మీకు తేడా వచ్చినప్పుడు ఎక్కడ తేడా వచ్చిందో కనపడుతుంది. మార్కెట్ తకాయిచికి 65 అంటోందనుకోండి, అప్పుడు ప్రతిపక్షాలు కలిసే అవకాశాన్ని అది మీకంటే ఎక్కువగా చూస్తోందన్నమాట. ఇక మీరు వెతకాల్సింది ఆ ఒక్కదాని గురించే, మిగతా వార్తలన్నీ పక్కన పెట్టొచ్చు.

జరిగిందేమిటంటే, ఆ మూడింటిలో 35 సీట్లున్న ఇషిన్ పార్టీ అక్టోబర్ 20న ఎల్‌డీపీతోనే ఒప్పందం చేసుకుంది, మర్నాడు తకాయిచి 237 ఓట్లతో తొలి రౌండ్‌లోనే గెలిచారు.

5. ధర ఎందుకు కదిలిందో వెతకండి

ధర కదిలిన ప్రతిసారీ కారణం ఉండదు. పల్చని మార్కెట్‌లో ఒక్క మనిషి కొన్ని వేల డాలర్లు పెడితే ఐదారు పాయింట్లు లేస్తాయి. తేల్చుకోవడానికి నేను చూసేవి: పైకి వెళ్లిన ధర కొన్ని గంటల్లో తిరిగి వచ్చిందా, వేరే సైట్లలో కూడా అదే కదలిక ఉందా, ఆర్డర్ బుక్‌లో ఆ ధర దగ్గర నిజంగా డబ్బు నిలబడి ఉందా. మొత్తం ట్రేడింగ్ కోట్లలో ఉందన్న అంకెకు పెద్ద విలువ ఇవ్వకండి, అది పాతదంతా కలిపిన లెక్క, ఈ క్షణాన ధరను కదపడానికి ఎంత కావాలన్నది వేరే విషయం.

ఇంకో వైపు కూడా ఉంది. చిన్న గదిలో జరిగే ఎన్నికల్లో లోపలివాళ్లకి ముందే తెలుస్తుంది. ఏ వార్తా లేకుండా ధర లేచి, అక్కడే నిలబడి, వేరే సైట్లు కూడా దాన్ని అనుసరిస్తే దాన్ని గౌరవించండి, సాయంత్రానికి వార్త రావచ్చు.

వార్త వచ్చినప్పుడు అడగాల్సింది ఒక్కటే: నా ముక్కల లెక్కలో ఇది ఏ ముక్కను మారుస్తుంది? ఏ ముక్కనీ మార్చకపోతే అది ఎంత పెద్ద హెడ్‌లైన్ అయినా వదిలేయండి. కొమెయితో బయటికి రావడం ఒక ముక్కను నేరుగా మార్చింది. టీవీలో ఒక మాజీ మంత్రి "ఆమెకి కష్టమే" అనడం దేన్నీ మార్చదు.

2004 మే కూడా గుర్తు చేసుకోండి. 13న ఫలితాలు, 15న సోనియా గాంధీ కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ నాయకురాలు. అప్పుడొక మార్కెట్ ఉంటే ఆమె ధర 95 దగ్గర ఉండేదని నా నమ్మకం. 18న ఆమె పదవి వద్దన్నారు, 22న మన్మోహన్ సింగ్ ప్రమాణం చేశారు. ఆ లెక్కలో మనం వేయని ముక్క "ఆ మనిషి ఒప్పుకుంటారా?" అన్నది. బ్రిటన్‌లో 2016లో జాన్సన్ ఫేవరెట్‌గా ఉండి, సహచరుడు మైకేల్ గోవ్ పోటీకి దిగడంతో అదే రోజు తప్పుకున్నారు. కాబట్టి ఎంత ఖాయంగా ఉన్నా ప్రమాణ స్వీకారం దాకా కొన్ని శాతాలు పక్కన ఉంచండి.

6. ఏ రకం దేశమో చూసి నమ్మకం పెంచండి, తగ్గించండి

ఇది నా అభిప్రాయం, లెక్క కాదు. సాధారణ ఎన్నికలతో నేరుగా తేలే చోట, పోలింగ్‌కి దగ్గరపడ్డాక, మార్కెట్‌ను బాగానే నమ్ముతాను. సర్వేలు చాలా ఉంటాయి, అందరూ చూస్తారు. నాలుగు నెలల ముందు మాత్రం కాదు. కెనడాలో జనవరిలో ఇరవై పాయింట్లు వెనకపడ్డ పార్టీ ఏప్రిల్ 28న 343లో 169 సీట్లు గెలిచింది, పోలియెవ్ తన సొంత సీటే పోగొట్టుకున్నారు. ట్రూడో వెళ్లిపోవడం, ట్రంప్ సుంకాలు, కెనడాను 51వ రాష్ట్రం చేస్తానన్న మాటలు, ఇవన్నీ మధ్యలో జరిగాయి.

పార్టీ సభ్యులు, ఎంపీలు కలిసి ఎన్నుకునే చోట ఓ మోస్తరుగా నమ్ముతాను. ఫ్రాన్స్‌లాగా అధ్యక్షుడొక్కడే నియమించే చోట చాలా తక్కువ, ఎందుకంటే అక్కడ ఒక్క మనిషి మనసును పసిగట్టాలి.

మన దేశంలో ఎగ్జిట్ పోల్స్‌ని, సట్టా బజార్‌ని కూడా ఇలాగే చూడాలి. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి స్టాక్ మార్కెట్ రికార్డు స్థాయికి వెళ్లింది, 4న ఫలితాలు వస్తుంటే సెన్సెక్స్ 4,300 పాయింట్లకు పైగా పడిపోయింది. బీజేపీకి 240 వచ్చాయి, టీడీపీ 16, జేడీయూ 12 కీలకమయ్యాయి. గమనించాల్సింది, సీట్ల అంచనా అంత తప్పినా "ప్రధాని ఎవరు" అన్న ప్రశ్నకి ఎక్కువమంది చెప్పిన జవాబు తప్పలేదు. రెండు ప్రశ్నలనీ కలపకండి.

7. రాసిపెట్టుకోండి, మార్కులు వేసుకోండి

ఇది చేయకపోతే పైన చెప్పినదంతా కబుర్లే. ఒక షీట్‌లో తేదీ, ప్రశ్న (రూల్‌లో ఉన్న మాటల్లోనే), మీ శాతం, అదే సమయానికి మార్కెట్ శాతం, ఒక్క వాక్యంలో కారణం. ఫలితం వచ్చాక బ్రయర్ స్కోర్ లెక్కగట్టండి. జరిగితే 1, జరగకపోతే 0, దానికీ మీ సంభావ్యతకీ ఉన్న తేడాను వర్గం చేయాలి. 0.78 అన్నది జరిగితే 0.22 వర్గం, సుమారు 0.05. జరగకపోతే 0.78 వర్గం, సుమారు 0.61. ఎంత తక్కువైతే అంత మంచిది. ప్రతిదానికీ 50 శాతం అని రాసేవాడికి ఎప్పుడూ 0.25 వస్తుంది, కనీసం దాన్ని దాటాలి, తర్వాత అదే షీట్‌లో మార్కెట్ స్కోర్‌ని దాటాలి. రెండోది చాలా కష్టం.

ఒక్క ప్రశ్నతో ఏమీ తేలదు. కొయిజుమికి 60 శాతం ఇచ్చి, ఆయన ఓడిపోతే మీ పద్ధతి తప్పని కాదు, పదిలో నాలుగుసార్లు అలా జరగాల్సిందే. మీరు 60 అన్నవన్నీ ఒకచోట పెట్టి చూస్తే వాటిలో పదికి ఆరు జరిగాయా అన్నదే పరీక్ష. దానికి ఓ ముప్పై నలభై ప్రశ్నలైనా కావాలి, ప్రధానుల మార్పులు అన్ని దొరకవు. కాబట్టి పార్టీ నాయకత్వ ఎన్నికలు, అవిశ్వాస తీర్మానాలు, ఫలానా తేదీలోపు ఫలానా ప్రధాని తప్పుకుంటారా లాంటివి కూడా కలుపుకోండి.

మొదలుపెట్టేవాళ్లు తేదీ ఖరారైన పార్టీ ఎన్నికను తీసుకుంటే మంచిది. నియమాలు పార్టీ సైట్‌లో దొరుకుతాయి, ఎవరెవరు ఓటేస్తారో తెలుస్తుంది, రెండు మూడు వారాల్లో జవాబు వచ్చేస్తుంది. అభ్యర్థుల నామినేషన్లు ముగిసిన రోజు ఒకసారి, ఓటింగ్‌కి వారం ముందు ఒకసారి, ముందురోజు రాత్రి ఒకసారి అంకెలు రాయండి. తొలి రౌండ్ ఫలితానికీ రెండో రౌండ్‌కీ మధ్య సమయం దొరికితే అప్పుడు కూడా ఒకసారి రాయండి.